షుగర్ జన్యువుల మీద పరిశోధన చేయొచ్చా? ముప్ఫై ఏళ్లు ఆ పనే చేసినదాన్నిగా నా జవాబు

మీ ప్రశ్న నిన్న రాత్రి చదివి, ఇవాళ తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. మీరు గుంటూరులో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ రెండో సంవత్సరం చదువుతున్నారు. నానమ్మగారికి షుగర్ ఉంది, నాన్నగారికి 41 ఏళ్లకే వచ్చింది, చిన్నాన్నగారు ఈమధ్యే మందులు మొదలుపెట్టారు. షుగర్, ఊబకాయం జన్యువుల మీద పరిశోధన చేయాలని మీ కోరిక. ఇంట్లో వాళ్లేమో ఏదైనా సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకుని ఉద్యోగంలో చేరమంటున్నారు. జీనోమ్ (మనిషి డీఎన్‌ఏ) మొత్తం చదివేశారు కదా, ఇంకా కనిపెట్టడానికి ఏం మిగిలింది, ఇందులో బతుకుతెరువు ఉంటుందా అని అడిగారు.

నేను గుంటూరు బ్రాడీపేటలో పుట్టి పెరిగాను. పీహెచ్‌డీ హైదరాబాద్‌లో చేశాను, తర్వాత కొన్నేళ్లు ఇంగ్లండ్‌లో పనిచేసి వెనక్కి వచ్చాను. ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాను. అప్పట్లో మా ఇంట్లోనూ ఇదే గొడవ. కాకపోతే సాఫ్ట్‌వేర్ బదులు బ్యాంకు పరీక్షలు. డబ్బు సంగతి తర్వాత చెబుతాను, ముందు పని సంగతి.

మిగిలింది చాలా ఉంది, అందులోనూ మన దగ్గర. డీఎన్‌ఏ చదవడం ఇప్పుడు చవకైపోయింది, మిషన్ చదివిపెడుతుంది. ఆ డీఎన్‌ఏ ఎవరిదో ఆ మనిషిని సరిగ్గా కొలవడం, ఆ కుటుంబం కథ సరిగ్గా రాబట్టడం మాత్రం ఇప్పటికీ కష్టమే. ఆ పని చేసేవాళ్లు తక్కువ. నాకు ఇది ఆలస్యంగా అర్థమైంది. మీకు ముందే తెలిస్తే బాగుంటుందని ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

1990ల చివర్లో మేం పనిచేసిన పద్ధతి ఇది. ఏదో ఒక జన్యువు మీద అనుమానం పెట్టుకోవడం, షుగర్ ఉన్నవాళ్లను కొన్ని వందలమందిని, లేనివాళ్లను కొన్ని వందలమందిని తీసుకోవడం, ఆ జన్యువులో ఫలానా మార్పు ఎవరిలో ఎక్కువగా ఉందో చూడటం. మాకు తేడా కనిపించింది. పేపర్ రాశాం, అచ్చయింది, నాన్న ఆ పత్రికను పక్కింటి వాళ్లకు కూడా చూపించారు. రెండేళ్ల తర్వాత ఇంకొంతమందిని చేర్చి మళ్లీ లెక్కవేస్తే ఆ తేడా లేదు. ఎన్నిసార్లు చూసినా లేదు. ఒక కారణం, అంత చిన్న సంఖ్యతో అలాంటి ప్రశ్నకు జవాబు రాదు. ప్రపంచమంతటా ఆ కాలంలో వచ్చిన ఇలాంటి పేపర్లు చాలావరకు నిలబడలేదు. రెండో కారణం మాది, మేం చేతులారా చేసింది. షుగర్ లేనివాళ్లుగా మేం రాసుకున్నవాళ్లను 'మీకు షుగర్ ఉందా?' అని నోటితో అడిగి రాసుకున్నాం. 'లేదండీ' అంటే లేదని వేసుకున్నాం. తర్వాత వాళ్లలో కొందరిని పిలిచి పరీక్ష చేస్తే షుగర్ బయటపడింది. వాళ్లకే తెలియదు, మాకెలా చెబుతారు? మా పోలికకు పునాదే తప్పు.

ఆ రోజు నుంచి నా పని తీరు మారింది. మనిషి పరగడుపున రావాలి. రక్తం తీయాలి, 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించాలి, రెండు గంటలు కూర్చోబెట్టి మళ్లీ రక్తం తీయాలి. పరగడుపున 126, రెండు గంటల తర్వాత 200 దాటాయా లేదా చూడాలి. నడుం కొలవాలి, ఎత్తు, బరువు, బీపీ చూడాలి. వినడానికి ఇది ఏ నర్సమ్మయినా చేసే పనిలా ఉంటుంది. కానీ ఒక్కరోజు నాతో వస్తే తెలుస్తుంది.

సత్యనారాయణపురంలో ఒక ఇంటికి పొద్దున్నే ఆరున్నరకు వెళ్లాం. ఐస్ డబ్బా, ఊదా మూత ట్యూబులు, టేపు, బరువు మిషన్. ఆ ఇంట్లో పెద్దావిడకు డెబ్బై పైన ఉంటాయి. 'ఏమీ తాగలేదు కదా అమ్మా' అంటే 'లేదమ్మాయ్' అంది. గ్లాసు అడుగున కాఫీ ఇంకా ఆరలేదు. మళ్లీ అడిగితే, 'అది కాఫీ కాదమ్మా, రెండు గుక్కలు గొంతు తడుపుకున్నా' అంది. నా వెంట వచ్చిన కుర్రాడు ట్యూబు మూత తీయబోయాడు, ఆపేశాను. రేపు మళ్లీ వస్తామని చెప్పాం. ఆవిడకు కోపం వచ్చింది, కోడలు నవ్వింది. మర్నాడు అదే టైముకు వెళ్లాం. ఈసారి మేం వచ్చేదాకా స్టవ్ వెలిగించనివ్వలేదట. ఆ రెండు గుక్కల కాఫీలో చక్కెర ఉంటుంది. దానితో తీసిన అంకె ఒక తప్పుడు అంకె. అలాంటివి వందలో పది చేరితే, పది లక్షల జన్యు గుర్తులు చదివినా ఆ తప్పును సరిదిద్దలేవు.

తర్వాత ల్యాబులో ఆ రక్తం నుంచి డీఎన్‌ఏ తీస్తాం. చివర్లో చల్లటి ఆల్కహాల్ పోసి ట్యూబును మెల్లగా తిప్పితే, ఏమీ లేని నీళ్లలోంచి తెల్లటి పోగు ఒకటి పేరుకుంటుంది, బూజు దారంలా. నాకు ఇన్నేళ్లయినా ఆ క్షణం పాతబడలేదు. ఇప్పుడు కిట్లు వచ్చి చాలామంది ఆ పోగును చూడకుండానే పని ముగిస్తున్నారు. మీరు ఒక్కసారైనా పాత పద్ధతిలో తీసి చూడండి.

ఇక ఈ రంగం ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో కాస్త చెప్పాలి, అది తెలియకుండా 'ఏం మిగిలింది' అన్న మీ ప్రశ్నకు జవాబు అర్థం కాదు. 1949లో అమెరికాలోని జాక్సన్ లేబొరేటరీలో అసాధారణంగా లావెక్కే ఎలుక ఒకటి బయటపడింది. 1960ల్లో షుగర్ కూడా ఉన్న మరో లావు ఎలుకల జాతి దొరికింది. అక్కడే డగ్లస్ కోల్మన్ అనే ఆయన రెండేసి ఎలుకలను పక్కపక్కన కుట్టి, ఒకదాని రక్తం ఇంకోదానిలోకి వెళ్లేలా చేశాడు. మొదటి జాతి లావు ఎలుకను మామూలు ఎలుకతో కలిపితే అది తిండి తగ్గించింది. రెండో జాతిదానితో కలిపితే తిండి మానేసి ఆకలితో చచ్చిపోయింది. రెండో జాతి ఎలుక మాత్రం తింటూనే ఉంది. దీన్నిబట్టి ఆయన ఊహించింది ఇది: ఇక చాలు అని చెప్పే కబురు ఒకటి రక్తంలో ప్రయాణిస్తోంది. మొదటి ఎలుక ఆ కబురు పంపలేదు. రెండోది పంపుతుంది, అందుకోలేదు. జన్యువు చూడకుండానే, కేవలం తిండి, బరువు కొలిచి, ఇంత తేల్చాడు. ఆ కబురు పేరు లెప్టిన్ అని తెలియడానికి 1994 దాకా పట్టింది. రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్మన్ బృందం ఎనిమిదేళ్లు వెతికి ఆ జన్యువును పట్టుకుంది. ఆ పేపరు జిరాక్స్ మా ల్యాబులో చేతులు మారి మారి అంచులు నలిగిపోయింది. కొవ్వు అంటే ఊరికే పడి ఉండే నిల్వ అనుకున్నవాళ్లం, అది మెదడుతో మాట్లాడుతుందని ఆ రోజు తెలిసింది.

మూడేళ్లకు, 1997లో, కేంబ్రిడ్జ్‌లో స్టీఫెన్ ఒరాహిలీ, సదాఫ్ ఫరూకీ బృందం ఇద్దరు పిల్లల గురించి రాసింది. పాకిస్తాన్ నుంచి వెళ్లి ఇంగ్లండ్‌లో స్థిరపడిన కుటుంబం, దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు. ఎనిమిదేళ్ల అమ్మాయి 86 కిలోలు. ఆ పిల్లకు వరసయ్యే రెండేళ్ల బాబు 29 కిలోలు. ఇద్దరి లెప్టిన్ జన్యువులోనూ ఒకే ఒక్క అక్షరం ఎగిరిపోయింది. ఆ అమ్మాయికి లెప్టిన్ ఇంజెక్షన్లు ఇస్తే ఏడాదిలో సుమారు 16 కిలోలు తగ్గింది. అంతకంటే పెద్ద సంగతి, ఆకలి తగ్గింది. తిండి కోసం ఆ పిల్లలు పడ్డ యాతన వాళ్ల బుద్ధి లోపం కాదని, పెంపకం లోపం అసలే కాదని రుజువైంది. లావుగా ఉన్నవాళ్లను చూసి నోరు కట్టుకోలేరా అనే మాట నేను ఆ తర్వాత ఎప్పుడూ అనలేదు, నా ముందు ఎవరైనా అంటే ఊరుకోలేదు.

కానీ తొందరపడి అందరికీ లెప్టిన్ ఇస్తే సరిపోతుందనుకోకండి. మామూలుగా లావుగా ఉండే చాలామందిలో లెప్టిన్ తక్కువ కాదు, ఎక్కువే ఉంటుంది. మెదడు దానికి స్పందించడం తగ్గుతుంది. ఆ ఇద్దరు పిల్లల్లాంటి వాళ్లు చాలా అరుదు.

అరుదు అన్నాను కదా, ఇక్కడే మన సంగతి వస్తుంది. మేనమామను, మేనత్త కొడుకును చేసుకోవడం మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎన్నో తరాల అలవాటు. అమ్మ నుంచి, నాన్న నుంచి ఒకే పాడైన కాపీ రావాలంటే ఇద్దరికీ ఒకే పూర్వీకుడు ఉంటే సులువు. దానికితోడు కులంలోపలే పెళ్లిళ్లు. వెయ్యేళ్లకు పైగా అలా సాగిన గుంపుల్లో, మొదట ఉన్న కొద్దిమంది పూర్వీకుల జన్యువులే మళ్లీ మళ్లీ పైకి వస్తాయి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న పరిశోధన ఒకటి 2017లో దీన్ని దక్షిణాసియాలో ఎన్నో సమూహాల్లో చూపించింది. గ్రీన్‌లాండ్‌లో తక్కువ జనాభాలో వెతికితే 2014లో ఒక జన్యు మార్పు దొరికింది. దాని రెండు కాపీలూ ఉన్నవాళ్లకు షుగర్ ప్రమాదం పది రెట్లు. సమోవాలో 2016లో దొరికింది ఇంకా విచిత్రం. బరువు పెంచుతుంది, షుగర్ ప్రమాదం మాత్రం తగ్గిస్తుంది. యూరప్ జనాల్లో ఎన్ని లక్షలమందిని చదివినా ఇవి దొరికేవి కావు. మన దగ్గర ఇలాంటివి ఏమున్నాయో ఎవరు వెతకాలి? మీరడిగిన 'ఏం మిగిలింది' అనే ప్రశ్నకు నా జవాబు ఇదే.

మీ నాన్నగారికి, నానమ్మగారికి ఉన్నది చాలావరకు మామూలు టైప్ 2 షుగరే అయి ఉండొచ్చు. దాని లెక్క వేరు. 2006లో ఐస్‌లాండ్ వాళ్లు టీసీఎఫ్7ఎల్2 అనే జన్యువును పట్టుకున్నారు. ఒక్కో కాపీకి ప్రమాదం దాదాపు 40 శాతం పెరుగుతుంది. మామూలుగా జనంలో కనిపించే మార్పుల్లో ఇదే బాగా బలమైనది. సీసీఎంబీకి చెందిన గిరిరాజ్ చండక్ బృందం, పుణె డాక్టర్లతో కలిసి, ఇది మన దేశంలోనూ నిజమేనని 2007లో చూపించింది. అదే ఏడాది ఎఫ్‌టీఓ అనే జన్యువులో ఒక మార్పు దొరికింది. దాని రెండు కాపీలూ ఉన్నవాళ్లు, ఒక్కటీ లేనివాళ్లకంటే సగటున మూడు కిలోలు బరువు. మూడు కిలోలే! వార్తాపత్రికలన్నీ 'ఊబకాయం జన్యువు దొరికింది' అని రాశాయి. 2014, 2015ల్లో తేలిందేమిటంటే, ఆ మార్పు ఎఫ్‌టీఓ లోపల ఉన్నా, అది చాలావరకు దూరంగా ఉన్న ఐఆర్‌ఎక్స్3 లాంటి వేరే జన్యువుల మీద పనిచేస్తోంది. మనం తలుపు కొట్టిన ఇల్లు ఒకటి, నేరం జరిగిన ఇల్లు ఇంకొకటి.

2024లో వచ్చిన పెద్ద పరిశోధనలో పాతిక లక్షలమంది డీఎన్‌ఏ కలిపి చూస్తే, టైప్ 2 షుగర్‌తో సంబంధం ఉన్న చోట్లు ఆరువందలు దాటాయి. ఇంటికొచ్చిన బంధువులకు ఈ విషయం చెప్పాల్సివస్తే ప్రకాశం బ్యారేజీని చూపిస్తాను. దానికి 70 గేట్లు. ఒక్కో గేటు అంగుళం ఎత్తినా కింద నీళ్లు పెరుగుతాయి, ఏ గేటు వల్ల అంటే చెప్పలేం. టైప్ 2 అలాంటిది, పైనుంచి ఎంత వరద వస్తుందనేదీ ముఖ్యమే. తిండి, కదలని కూర్చోవడం, నిద్ర అన్నీ ఆ వరద. 2024 సెప్టెంబరులో పడవలు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర తగిలాయి చూడండి, అలాంటి దెబ్బకు ఒకటే గేటు విరిగి నీళ్లు వచ్చేస్తే అది వేరే జబ్బు. ఒకే జన్యువు వల్ల వచ్చే షుగర్.

అలాంటి షుగర్ ఒకటి నేను దగ్గరగా చూశాను. తెనాలి వైపు కుటుంబం. అమ్మాయికి 22 ఏళ్లు, సన్నగా ఉంటుంది. 17 ఏళ్లప్పుడు షుగర్ అని తేలితే టైప్ 1, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారవ్వని రకం, అని రాసి ఇన్సులిన్ పెట్టారు. చిన్నవయసులో, సన్నగా ఉన్న పిల్లకు షుగర్ అంటే చాలామంది డాక్టర్లు అలాగే అనుకుంటారు. ఆ ఊహ తప్పని చెప్పలేం, ఎక్కువసార్లు అదే నిజం. కానీ నాన్నకు 24 ఏళ్లకు వచ్చింది. నాన్నగారి అమ్మకు రెండో కాన్పులోనే కనిపించిందట. మూడు తరాలు, అందరూ సన్నం, అందరికీ పాతికలోపే. ఆ వరుస కాగితం మీద గీసిన రోజే నాకు గుండె వేగంగా కొట్టుకుంది. పరీక్షలు చేయిస్తే టైప్ 1లో ఉండాల్సిన యాంటీబాడీలు లేవు, క్లోమం ఇంకా ఇన్సులిన్ తయారుచేస్తూనే ఉంది. హెచ్‌ఎన్‌ఎఫ్1ఏ జన్యువులో మార్పు దొరికింది. దీన్ని మోడీ (MODY) అనే రకం షుగర్ అంటారు. దీనికి కారణమైన ఈ జన్యువు 1996లో తేలింది. ఈ రకం వాళ్లకు పాతకాలపు సల్ఫోనైల్‌యూరియా మాత్రలు బాగా పనిచేస్తాయని ఎక్సెటర్‌లో ఆండ్రూ హాటర్స్‌లీ బృందం 2003లో చూపించింది. ఆ అమ్మాయి ఎండోక్రైనాలజిస్టు కళ్లముందే, వారాల తరబడి జాగ్రత్తగా చూసుకుంటూ, ఇన్సులిన్ నుంచి చిన్న మాత్రకు మారింది. చదివేవాళ్లలో ఎవరైనా ఇన్సులిన్ మీద ఉంటే ఇది చదివి సొంతంగా ఆపకండి. టైప్ 1 వాళ్లు ఆపితే ప్రాణానికే ముప్పు.

ఆ ఇంట్లో నేను మర్చిపోలేనిది ఫ్రిజ్. పెళ్లిచూపులవాళ్లు వస్తారని ఇన్సులిన్ పెన్నులను పచ్చడి డబ్బా వెనక, అరటాకు ముక్కలో చుట్టి పెట్టేది వాళ్లమ్మ. రిపోర్టు వచ్చాక ఆవిడ మొదట అడిగింది మందు గురించి కాదు. 'ఇది కాగితం మీద ఉంటుందా అమ్మా? పిల్లలకు కూడా వస్తుందా?' అని. సగం మందికి వచ్చే అవకాశం ఉంటుందని చెప్పాలి, చెప్పాను. ఆ కాగితం అమ్మాయిదేనని, అమ్మాయి అడిగితేనే ఎవరికైనా చూపిస్తామని కూడా చెప్పాను. మీ సిలబస్‌లో ఎథిక్స్ అని ఒక యూనిట్ ఉంటుంది, ముందురోజు రాత్రి బట్టీపట్టి రాసేస్తారు. ఈ పనిలో అదే రోజూ మీ ఎదురుగా కూర్చుంటుంది.

మన వాళ్ల ఒళ్లు గురించి ఒక మాట. 2004లో పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ తమ ఇద్దరి ఫొటో ఒకటి అచ్చువేశారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) సరిగ్గా ఒక్కటే, 22.3. ఒళ్లు స్కాన్ చేస్తే యుడ్కిన్‌లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్‌లో 21.2. బరువు మిషన్ మీద ఇద్దరూ ఒకటే, లోపల కాదు. పుణె దగ్గర పల్లెల్లో పుట్టిన పిల్లలను తూచి కొలిచి, బరువు తక్కువగా పుట్టినా కొవ్వు మాత్రం తగ్గకుండా ఉంటోందని చూపించింది కూడా ఆ బృందమే. అందుకే యూరప్‌లో బీఎంఐ మీద కట్టిన లెక్కలు తెచ్చి ఇక్కడ వాడితే మనకు తప్పు జవాబు వస్తుంది. టేపు తీసి నడుం కొలవండి అని నా పిల్లలను, అంటే విద్యార్థులను, విసిగించేది ఇందుకే.

క్లాసులో ఎప్పుడూ ఒకరు అడుగుతారు, కరువుల వల్ల మన జన్యువులు ఇలా అయ్యాయా అని. 1962లో జేమ్స్ నీల్ అనే ఆయన పొదుపు జన్యువు అని ఒక ఊహ చెప్పాడు. కరువులో బతికి బట్టకట్టినవాళ్ల జన్యువులే మిగిలి, తిండి దొరికే కాలంలో అవే చేటు చేస్తున్నాయని. గుంటూరువాళ్లకు ఈ మాట గట్టిగా తగులుతుంది, 1832-33 నందన కరువు, డొక్కల కరువు, మన జిల్లానే ఊడ్చేసింది కదా. నేనూ మొదట్లో ఇది నమ్మి పాఠం చెప్పాను. ఇప్పుడు చెప్పను. రెండు మూడు కరువులతో ఒక ప్రాంతం జన్యువులు అంతగా మారవు, పైగా ఇన్ని లక్షలమందిని చదివినా దానికి గట్టి ఆధారం రాలేదు. కానీ అమ్మ కడుపులో ఉన్నప్పుడు తిండి చాలకపోతే బిడ్డ ఒళ్లు వేరేగా తయారవుతుందనడానికి ఆధారం ఉంది. 1944-45 చలికాలంలో హాలండ్‌లో కరువు వచ్చినప్పుడు కడుపులో ఉన్న పిల్లలకు, పెద్దయ్యాక గ్లూకోజు తట్టుకునే శక్తి తగ్గింది. జన్యువు మారకుండానే. దీన్ని జన్యుశాస్త్రం చదివేవాళ్లు పక్కన పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు బతుకుతెరువు. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్, వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (దాని పై మెట్టు) కింద 42,000, ఇంటద్దె భత్యం వేరే. కేంద్ర ప్రభుత్వ సంస్థలు డీబీటీ, ఐసీఎంఆర్ ఇచ్చే ఫెలోషిప్‌లూ ఉన్నాయి. పీహెచ్‌డీ ఐదారేళ్లు పడుతుంది. ఆ తర్వాత పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ అయ్యాక చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం. పర్మినెంట్ ఉద్యోగాలు తక్కువ, పోటీ ఎక్కువ, ఇది దాచి లాభం లేదు. మా రోజుల్లో ఒకసారి ఫెలోషిప్ ఎనిమిది నెలలు ఆగింది. అడిగిన ఆఫీసులో ఫైలు పైకి వెళ్లిందనేవారు, అంతే. అమ్మ గాజులు పెట్టి హాస్టల్ కట్టాను. ఇప్పటికీ డబ్బు ఆలస్యమైన వాళ్లు నాకు ఫోన్ చేస్తుంటారు. చేతిలో ఆర్నెల్ల ఖర్చు లేకుండా చేరకండి. పీహెచ్‌డీ చేసినవాళ్లందరూ ప్రొఫెసర్లు కారు. జన్యు పరీక్షల ల్యాబుల్లో, జెనెటిక్ కౌన్సెలింగ్‌లో, మందుల కంపెనీల్లో పనులున్నాయి, గతంలో కంటే ఎక్కువున్నాయి.

ఇంట్లో వాళ్ల మాటను నేను కొట్టిపారేయను. ఇవాళ ఈ పనిలో సగం పైన కంప్యూటర్ ముందే. లినక్స్, ఆర్, పైథాన్ రాకపోతే మీ డేటా మీరే చదువుకోలేరు, ఇంకొకరి దయ మీద ఆధారపడాలి. అందుకని ఆ కోర్సులో చేరండి, పైథాన్, స్టాటిస్టిక్స్ ఉన్నది చూసుకుని. నాన్నగారితో గొడవ ఎందుకు, ఆ కోర్సు రెండు దారులకూ పనికొస్తుంది. నెట్ రాకపోతే ఆ దారి ఉంటుంది, వస్తే ల్యాబులో మీ విలువ రెట్టింపవుతుంది. ఇది నాకు లేకపోవడం వల్ల నలభై దాటాక కూర్చుని నేర్చుకోవాల్సి వచ్చింది.

ల్యాబు ఎంచుకునేటప్పుడు ఒక్కటి చూడండి. అక్కడి విద్యార్థులు ఎప్పుడైనా పేషెంట్‌ను చూశారా? ఆ రక్తం ఎవరిదో, ఎలా తీశారో అడిగితే చెప్పగలరా? ట్యూబు మీద నంబరు తప్ప ఇంకేమీ తెలియని చోట మంచి పేపర్లు రావచ్చు, మీకు మాత్రం పని రాదు. హైదరాబాద్‌లో సీసీఎంబీ ఉంది, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఆ పోషకాహార సంస్థలో పుట్టుకతోనే లావెక్కే ఎలుకల జాతిని వాళ్లే సొంతంగా పెంచుకున్నారు, వీలైతే సెలవుల్లో ప్రాజెక్టు అడిగి వెళ్లండి. చెన్నైలో డాక్టర్ మోహన్ గారి మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ ఉంది. దేశమంతా తిరిగి కొలిచి, 2023లో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు, అంచున ఉన్నవాళ్లు 13.6 కోట్లు అని లెక్క తేల్చిన ఐసీఎంఆర్ సర్వే వాళ్లు నడిపిందే.

ఈలోగా దరఖాస్తులు, పరీక్షలు అని కూర్చోకుండా ఈ ఆదివారమే ఒక పని చేయండి. ఒక తెల్ల కాగితం తీసుకుని మీ ఇంటి వంశవృక్షం గీయండి, మూడు తరాలు. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు గుండ్రం, షుగర్ ఉన్నవాళ్లకు లోపల నింపేయండి. ప్రతి ఒక్కరి పక్కన ఎన్నో ఏట వచ్చింది, అప్పుడు లావా సన్నమా, మాత్రలా ఇన్సులినా రాయండి. నాన్నగారిది 41 అన్నారు, పరీక్ష చేయించుకున్న ఏడాదా, లక్షణాలు మొదలైన ఏడాదా? రెండూ ఒకటి కావు. నానమ్మగారిని సంవత్సరం అడిగితే చెప్పలేరు, మన పెద్దవాళ్లకు సంవత్సరాలు గుర్తుండవు. ఉప్పెనకు ముందా, తర్వాతా అని అడగండి. 1977 నవంబరులో దివిసీమ కొట్టుకుపోయిన సంగతి ఆ తరంలో ఎవరూ మర్చిపోరు. ఆ తర్వాతే అంటే, మీ నాన్నగారు అప్పుడు చంకలో ఉన్నారా, బడికి వెళ్తున్నారా అని అడగండి. అలా పక్కపక్కన పెట్టుకుంటూ పోతే వయసు ఒకట్రెండేళ్ల తేడాతో దొరుకుతుంది. సత్యనారాయణపురం పెద్దావిడ వయసు, షుగర్ వచ్చిన ఏడు, రెండూ నాకు అలాగే దొరికాయి, రెండో రక్తం కోసం కూర్చున్న ఆ రెండు గంటల్లో.

భార్యాభర్తలను కలిపే గీత ఒకటే ఉంటుంది. మీ తాత, నానమ్మలది మేనరికమైతే అక్కడ రెండు గీతలు గీయండి.